గిటారు పట్టుకుంటే తెలుగు పోతుందా?

“బ్యాండూ గీండూ మన సంస్కృతి కాదు.” సత్యనారాయణపేటలో నలుగురు పిల్లలు కలిసి గిటారు నేర్చుకుంటామంటే ఇంట్లో మొదట వినబడే మాట ఇదే. రెండోది, “పాటను పాటలాగా పాడండి, దాంట్లో దీన్నీ దీంట్లో దాన్నీ కలిపి చెడగొట్టకండి.” మూడోది అందరికీ తెలిసిందే: “అది కూడు పెడుతుందా?” వార్షికోత్సవంలో రికార్డు పెట్టకుండా మేమే వాయించి పాడతామని కొందరం అడిగినప్పుడు కూడా ఈ మూడు మాటలే ఎదురొచ్చాయి. ఆ మాటలన్న పెద్దలు మా మంచి కోరేవాళ్ళే, వాళ్ళ మీద నాకు గౌరవం ఉంది. అయినా ఈ మూడూ సరైన మాటలు కావని నా అభిప్రాయం. ఎందుకో ఒక్కొక్కటే చెప్తాను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవమని మనవి.

మొదటిది, “మనది కాదు” అనే మాట.

మన పేటలో పెళ్ళి ఊరేగింపు చూడండి. ముందర నడిచేది బ్యాండు మేళం. క్లారినెట్, ట్రంపెట్, డ్రమ్ము, అన్నీ తెల్లవాళ్ళ సైన్యంతోపాటు మన దేశానికి వచ్చినవే. వాటి మీద మనవాళ్ళు సినిమా పాట వాయిస్తారు, దేవుడి పాట కూడా వాయిస్తారు. మేనమామ వద్దనడు, అవ్వ వద్దనదు. ఆగస్టు 15న బడి మైదానంలో మార్చ్‌పాస్ట్‌కు కొట్టే డ్రమ్ములు కూడా ఆ జాతివే. వాటికి అందరం సెల్యూట్ చేస్తాం. మరి అదే బ్యాండు అనే మాట వార్షికోత్సవం స్టేజీ ఎక్కేసరికి ఎందుకు చేదవుతుంది?

సంగీతం తెలిసిన పెద్దలు ఫిడేలును శాస్త్రీయ వాద్యం అంటారు. నిజమే. కానీ అది ఐరోపా నుంచి వచ్చింది. సుమారు రెండు వందల ఏళ్ళ కిందట ముత్తుస్వామి దీక్షితర్ గారి తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ దాన్ని నేర్చుకొని మన కచేరీలోకి తెచ్చారు. అన్నగారు ఇంకో అడుగు ముందుకు వేశారు. మద్రాసులో ఇంగ్లీషువాళ్ళ బ్యాండు వాయించే వరుసలు విని, ఆ వరుసలకే సంస్కృతంలో దేవుళ్ళ మీద సాహిత్యం కట్టారు. వాటిని నోట్టుస్వరాలంటారు. ఈరోజుకీ పిల్లలకు సంగీతం చెప్పేటప్పుడు నేర్పిస్తున్నారు. అంతటి వాగ్గేయకారుడికి బ్యాండు వరుస అంటు కాలేదు. మనకు ఎట్ల అంటుతుంది?

మన తెలుగువాళ్ళ సంగతి చూద్దాం. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ గారు కరెంటు మాండలిన్ మీద త్యాగరాజ కీర్తనలు వాయించారు. తర్వాత ఇంగ్లండు గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకీర్ హుసేన్ గార్లతో కలిసి ‘రిమెంబర్ శక్తి’ అనే బ్యాండులో దేశదేశాలు తిరిగారు. 2014లో ఆయన పోయినప్పుడు కర్ణాటక సంగీతానికే తీరని లోటు అని అందరూ బాధపడ్డారు. గిటారు పక్కన కూర్చున్నందుకు ఆయన్ను ఎవరూ వెలివేయలేదు.

ఇంకా దగ్గరికి వద్దాం. మన బళ్ళారి. ఆంధ్ర నాటక పితామహుడని పేరు పొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు (1853–1912) ఇక్కడే వకీలుగా ఉంటూ నాటకాలు రాసి ఆడించారు. మన పాత నాటక సంప్రదాయంలో కథ విషాదంగా ముగియకూడదు. ఆయన ఇంగ్లీషు నాటకాలు చదివి ఆ విషాదాంతం పద్ధతిని తెలుగులోకి తెచ్చి ‘విషాద సారంగధర’ రాశారు. నాటకంలో పద్యాలతోపాటు పాటలూ పెట్టారు. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ గారు తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడు భాషల్లోనూ నటించారు. ఆడవేషాలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టారు. ఆ కాలంలో అదీ “మన సంస్కృతి కాదు” అన్న మాటే పడి ఉంటుంది. ఈరోజు రాఘవ గారి పేరు చెప్పుకోకుండా మన ఊళ్ళో నాటకం మాట ఎత్తరు. కలుపుకోవడంలో మన ఊరు ఒకప్పుడు తెలుగు దేశానికే దారి చూపింది. ఆ ఊరి పిల్లలకు కలపొద్దని చెప్పడం నాకు విచిత్రంగా అనిపిస్తుంది.

రెండో మాట, “కలిపితే చెడుతుంది” అనేది.

కొంతమంది బాగా కలిపి చూపించారు. ఢిల్లీలో 1990లో ‘ఇండియన్ ఓషన్’ అనే బ్యాండు మొదలైంది. వాళ్ళ పేరు దేశమంతా తెలిసింది 2000లో వచ్చిన ‘కందీసా’ ఆల్బంతో. అంటే పదేళ్ళు పట్టింది. ఆ ఆల్బంలో కందీసా అనే పాట కేరళ సిరియన్ క్రైస్తవుల పాత ప్రార్థన. భాష అరమాయిక్. అదే ఆల్బంలో ‘మా రేవా’ అనే పాట నర్మదా నది గురించి. బేస్ గిటారు వాయించే రాహుల్ రామ్ గారు నర్మద ఆనకట్టల వల్ల ఇళ్ళు, పొలాలు మునిగిపోయే జనం కోసం జరిగిన ఉద్యమంలో పనిచేసిన మనిషి. ఒక పక్క తబలా, ఒక పక్క డ్రమ్ములు, మధ్యలో గిటారు. ఆ గిటారు కూడా అమెరికా పాటలాగా మోగదు, మన రాగాన్ని వెతుక్కుంటూ పోతుంది. ప్రార్థన చెడలేదు. నర్మద పాట చెడలేదు. ఆ నది గట్టును చూడని నాలాంటివాడికి కూడా ఆ నది మీద ప్రేమ పుట్టింది.

ఇప్పుడు తెలుగు బ్యాండు గురించి. హైదరాబాదులో ‘చౌరస్తా’ అని ఒకటి ఉంది. నాలుగు దారులు కలిసే చోటు అని ఆ మాటకు అర్థం. వాళ్ళు మన పల్లె మాటలను, జానపద వరుసలను రెగ్గే తాళంతో కలిపారు. రెగ్గే అంటే చాలామందికి బాబ్ మార్లీ బొమ్మ ఉన్న టీషర్టే తెలుసు. అసలు సంగతి అది కాదు. జమైకా ఒక చిన్న దీవి. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చినవాళ్ళ సంతతి అక్కడ తమ ఊరి మెంటో పాటను, అమెరికా రేడియోలో వినబడే పాటను కలుపుకొని మొదట స్కా, తర్వాత రాక్‌స్టెడీ, 1960ల చివరికి రెగ్గే తయారు చేసుకున్నారు. ఆకలి గురించి, అవమానం గురించి, దేవుడి గురించి అందులో పాడుకున్నారు. 2018లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. రెగ్గేలో గిటారు దెబ్బ మనం చప్పట్లు కొట్టే చోట పడదు, రెండు చప్పట్లకు మధ్యలో పడుతుంది. అందుకే ఆ పాట తొందరపడదు, ఊగుతూ నడుస్తుంది. చౌరస్తా వాళ్ళ ‘ఊరెళ్ళిపోతా మామా’ వినండి. పట్నంలో ఉండలేక ఊరికి పోతానని ఒక మనిషి మామతో చెప్పుకునే పాట. ఆ ఊగే తాళం ఆ మాటకు ఎంత సరిపోయిందో! జమైకావాడికి ఊరి మీద బెంగ ఉంది, మనవాడికీ ఉంది. రెండు బెంగలూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి. కలపడం అంటే అదీ.

2020లో కరోనా వచ్చినప్పుడు చేతులు కలపకుండా దండం పెట్టమని ఈ బ్యాండే పాట కట్టింది. అది ఫోన్లలో ఇల్లిల్లూ తిరిగింది. మనలో చాలామందిమి దాన్ని పాడుకున్నాం. అది ఒక బ్యాండు పాట అని అప్పుడెవరికీ తట్టలేదు.

ఇక్కడే నా అసలు ఫిర్యాదు. ఆ బ్యాండులో పాడిన రామ్ మిరియాల గారు తర్వాత సినిమాల్లోకి వెళ్ళారు. 2021లో ‘జాతిరత్నాలు’ సినిమాలో చిట్టి పాట ఆయన పాడిందే. 2022లో ‘డీజే టిల్లు’ సినిమాలో టిల్లు పాటకు వరుస కట్టి పాడిందీ ఆయనే. ఆ పాటలకు బళ్ళో, వినాయకుడి పందిట్లో, పెళ్ళిలో డాన్సు కట్టని పిల్లలున్నారా? గొంతు అదే. అదే గొంతు బ్యాండుతో పాడితే “గోల” అయింది. సినిమాలో పాడితే వన్స్‌మోర్ అయింది. డీజే పాటలో డప్పు లేదా, కంప్యూటర్ వాయిద్యం లేదా, అందులో కలపలేదా? కలిపారు, మనందరికీ నచ్చింది కూడా. కాబట్టి పెద్దలకు అభ్యంతరం కలపడం మీద కాదు. సినిమా ముద్ర పడితే ఏదైనా సరే, ముద్ర లేకపోతే ఏదీ సరికాదు. ఇది సంస్కృతి మీద ప్రేమ అని నేను ఒప్పుకోను, ఇది అలవాటు. తెలుగులో బ్యాండ్లు ఎందుకు నిలబడవు అంటే పాడేవాళ్ళు లేక కాదు. వినేవాళ్ళు సినిమా తలుపు దగ్గర తప్ప ఇంకెక్కడా నిలబడరు కనుక.

మన ఊరివాళ్ళకు ఇది ఇంకా పెద్ద విషయం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి, బళ్ళారి మైసూరులో చేరింది. అప్పటినుంచి మనకు అంగట్లో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ, వాటితోపాటు ఉర్దూ. తెలుగు మనకు రెండే చోట్ల దొరుకుతోంది: బడి పుస్తకంలో, టీవీలో. పుస్తకంలోది పరీక్ష కోసం, టీవీలోది సినిమా కోసం. మన నోటి తెలుగు, కన్నడంతో కలిసిన ఈ బళ్ళారి తెలుగు, ఏ పాటలోనూ వినబడదు. ఏ పాటలోనూ వినబడని భాషను పిల్లలు సిగ్గుపడి వదిలేస్తారు. నా తోటివాళ్ళు కొందరు అప్పుడే వదిలేస్తున్నారు.

పక్కనే కన్నడ పిల్లలను చూడండి. శిశునాళ షరీఫ్ సాహెబు పందొమ్మిదో శతాబ్దపు తత్వకవి. ఆయన ముస్లిం, ఆయన గురువు గోవింద భట్టు బ్రాహ్మణుడు. ఆయన తత్వాలను మైసూరులో పెరిగిన రఘు దీక్షిత్ గారి బ్యాండు గిటారుతో పాడింది. 2008లో వాళ్ళ ఆల్బం వచ్చింది, 2010లో ఇంగ్లండు బీబీసీ టీవీలో కూడా పాడారు. ఆ పాటల వల్ల నా కన్నడ మిత్రులకు షరీఫ్ అంటే పాఠం కాదు, వాళ్ళ మనిషి. మనకు బ్రహ్మంగారి తత్వాలు లేవా? ఏక్‌తారి మీద పల్లెల్లో ఇంకా పాడేవాళ్ళు లేరా? ఉన్నారు. వాటిని మన వయసువాళ్ళ దగ్గరికి తెచ్చే గిటారు లేదు, అంతే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. బ్యాండు మనకు కొత్త కాదు. బుర్రకథను గుర్తు చేసుకోండి. మధ్యలో కథకుడు, భుజాన తంబూర, చేతి వేళ్ళకు అందెలు. రెండు పక్కలా ఇద్దరు వంతలు, చేతుల్లో గుమ్మెటలు. ఒకరు పాడితే ఇద్దరు అందుకుంటారు. ఒక వంత హాస్యం చెప్తే ఇంకో వంత రాజకీయం చెప్తాడు. తీగ వాద్యం ఒకటి, తాళ వాద్యాలు రెండు, ముగ్గురూ పాడతారు, అడుగులు వేస్తారు, లోకం గురించి మాట్లాడతారు. రాక్ బ్యాండు చేసే పని ఇంతకన్నా వేరేనా? బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ గారికి (1920–1997) 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన ముస్లిం, పాడింది పల్నాటి వీరుల కథ. అదీ కలపడమే కదా.

మన జిల్లాలోనే దరోజి ఈరమ్మ గారు ఉండేవారు. తెలుగు ఇంటిభాషగా ఉన్న బుడగ జంగాల కులంలో పుట్టి, బడి మెట్టు ఎక్కకుండానే ఎన్నో కావ్యాలు కంఠస్థం చేసి, బుర్రకథగా కన్నడంలో పాడారు. హంపీ కన్నడ విశ్వవిద్యాలయం ఆమెకు నాడోజ బిరుదు ఇచ్చింది. 2014లో ఆమె చనిపోయారు. తెలుగు ఇంట్లో పుట్టిన గొంతు కన్నడ కథ చెప్తే తెలుగూ పోలేదు, కన్నడమూ చెడలేదు. రెండు భాషలవాళ్ళూ ఆమెను మావి అని చెప్పుకోవచ్చు. కానీ మన బళ్ళో ఆమె పేరు ఎంతమందికి తెలుసు? టిల్లు పేరు ఎంతమందికి తెలుసు? ఈ లెక్క మీరే వేసుకోండి.

అయితే ఎదుటివాళ్ళ మాటలో నిజం లేదని నేననను. కలపడం పేరుతో చెడగొట్టేవాళ్ళు ఉన్నారు. డప్పు రికార్డును కంప్యూటర్‌లో వేసి, పైన రెండు ఇంగ్లీషు మాటలు అరిచి, ఫ్యూజన్ అనేవాళ్ళు ఉన్నారు. పల్లెలో ఒక ముసలమ్మ పాడిన పాటను తీసుకొని ఆమె పేరు ఎక్కడా చెప్పకుండా డబ్బు చేసుకునేవాళ్ళూ ఉన్నారు. దాన్ని నేను దొంగతనం అంటాను. పేరు చెప్తే ఏమవుతుందో కూడా చూశాం. 2021లో ‘భీమ్లా నాయక్’ పాట మొదట్లో పన్నెండు మెట్ల కిన్నెర వాయించి పాడిన మొగులయ్య గారిని పేరుతో చూపించారు. జనం ఆ కిన్నెర ఏమిటని అడిగారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కాబట్టి కలిపేవాడికి రెండు నియమాలు ఉండాలి. ఎవరి దగ్గర తీసుకున్నామో పేరు చెప్పాలి. కలిపే రెండింటినీ విడివిడిగా పాడటం ముందు రావాలి. తత్వం రానివాడు తత్వాన్ని గిటారుతో కలపలేడు. ఈ రెండు నియమాలు మాకు పెట్టండి, ఒప్పుకుంటాం. అసలు కలపొద్దంటే మాత్రం ఒప్పుకోం.

మూడో మాట, “కూడు పెడుతుందా?”

పెట్టకపోవచ్చు. ఇందులో అబద్ధం చెప్పను. చౌరస్తా గొంతు సినిమాకు వెళ్ళిందంటేనే బ్యాండు ఒక్కదాన్ని నమ్ముకొని బతకడం ఎంత కష్టమో తెలుస్తోంది. ఇండియన్ ఓషన్‌కు కూడా సుఖంగా గడవలేదు. 2009లో తబలా వాయిస్తూ పాడే అషీమ్ చక్రవర్తి గారు చనిపోయారు. 2013లో బ్యాండు మొదలుపెట్టిన గిటారిస్టు సుస్మిత్ సేన్ గారు బయటికి వచ్చేశారు. అయినా మిగిలినవాళ్ళు కొత్తవాళ్ళను చేర్చుకొని పాడుతూనే ఉన్నారు. ఆ రాహుల్ రామ్ గారు అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసినవారని గుర్తుపెట్టుకోండి. గిటారు పట్టినవాళ్ళందరికీ చదువు పోతుందనేది నిజం కాదు.

అయినా ఇది సరైన ప్రశ్నేనా? మమ్మల్ని ఖోఖో ఆడమంటారు. అది కూడు పెడుతుందా? పద్యం కంఠస్థం చేయమంటారు. అది పెడుతుందా? అవి మనిషిని చేస్తాయని చెప్తారు, నేనూ నమ్ముతాను. నలుగురు కలిసి వాయించడం కూడా మనిషిని చేస్తుంది. పక్కవాడి తాళం వినకపోతే నీ పాట పాడైపోతుంది. రికార్డు డాన్సులో తప్పు చేస్తే పాట ఆగదు, ఎవరికీ తెలియదు. బ్యాండులో ఒక్కరు తప్పితే అందరూ ఆగాలి, మళ్ళీ మొదలుపెట్టాలి. ఇది ఏ పాఠంలో నేర్పిస్తారు?

కాబట్టి నా విన్నపం ఇది. వార్షికోత్సవంలో ఎన్ని సినిమా డాన్సులైనా పెట్టండి, నేనూ చప్పట్లు కొడతాను. ఒక్క పది నిమిషాలు మాత్రం రికార్డు లేని పాటకు ఇవ్వండి. ఆ పది నిమిషాల్లో ఒక తెలుగు తత్వం, ఒక కన్నడ తత్వం, ఒక బుర్రకథ ముక్క ఉండాలని షరతు పెట్టండి. పాట ఎవరి దగ్గర నేర్చుకున్నామో మైకులో పేరు చెప్పిస్తే ఇంకా మంచిది. శనివారం బడి వదిలాక ఒక గంట ఒక గది ఇవ్వండి. తల్లిదండ్రులారా, మీలో ఎవరింట్లోనైనా తాత తంబూర, డక్కి, హార్మోనియం అటక మీద ఉంటే దించి తెచ్చివ్వండి. వాయించడం తెలిసినవాళ్ళుంటే ఒక్క శనివారం వచ్చి నేర్పించండి. తోటి విద్యార్థులారా, గిటారు ఉంటే చాలు బ్యాండు అయిపోతుందనుకోకండి. ముందు మీ అవ్వ దగ్గర ఒక పాట నేర్చుకొని రండి.

అది విన్నాక కూడా తెలుగు పోయిందని మీకు అనిపిస్తే అప్పుడు వద్దనండి. వినకముందే వద్దనడం మాత్రం న్యాయం కాదు.